ఇరవై ఒక్క వేల రాబడి, ఇరవై సెషన్లు

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాకు 32 ఏళ్లు. ఉప్పల్ దగ్గర ఒక చిన్న పోర్షన్‌లో అమ్మతో, బాబుతో ఉంటున్నాను. బాబుకి ఏడేళ్లు. నాలుగో ఏట ఆటిజం అని చెప్పారు. మాటలు లేవు, ఏం కావాలన్నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. ఆటిజం అని తెలిసిన ఏడాదికే మావారు నిజామాబాద్‌లో వాళ్ల అమ్మానాన్నల దగ్గరికి వెళ్లిపోయారు. విడాకులు కాలేదు. డబ్బు పంపరు, నేనూ అడగలేదు. అడగాలంటే ఆత్మాభిమానం అడ్డొస్తుంది. సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ మీద చేస్తాను, జీతం 18,500. రాత్రిళ్లు చీరలకు ఫాల్స్ కుడితే ఇంకో 2,500 వస్తుంది. థెరపీ సెంటర్‌లో నెలకు 20 సెషన్లు, ఒక్కోదానికి 700 చొప్పున 14,000. డబ్బు ముందే కట్టాలి, వెళ్లని రోజుది వెనక్కివ్వరు. అమ్మ తీసుకెళ్లి తీసుకొస్తుంది, ఆటోలకి 3,000. అద్దె, కరెంటు 7,000. పాలు, సరుకులు 5,500. అమ్మ గాజులు ఫైనాన్స్‌లో కుదువ పెట్టాం, వడ్డీ 1,200. ప్రతి నెలా అన్నయ్య దగ్గరో, సంఘంలోనో, తోటి అమ్మాయిల దగ్గరో చేబదులే. 'సెషన్లు తగ్గిస్తే వచ్చింది కూడా పోతుంది, తొమ్మిదేళ్లు దాటితే ఇక రాదు' అని సెంటర్ వాళ్లు అంటున్నారు. రెండు స్కూళ్లలో చేర్చుకోం అన్నారు. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే నయమవుతుందట, 4 లక్షలట అని మా పిన్ని కూతురు అంటోంది. అన్నయ్యేమో ఎక్కడైనా హాస్టల్లో వేసేయమంటాడు. ఉద్యోగం మానేసి వాడితోనే ఉండాలా? ఫోన్‌లో వచ్చే లోను తీసుకుని థెరపీ కొనసాగించాలా? నిద్ర పట్టడం లేదు. పేరు వేయకండి.

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, కాగితం తీసుకుని మీ లెక్క వేశాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసినదాన్ని, అంకెలు కనబడితే కూడకుండా ఉండలేను. వచ్చేది 21,000. పోయేది 30,700. నెలకు 9,700 లోటు. ఏడాది తిరిగేసరికి 1,16,400. ఇందులో జ్వరమొస్తే మందులకని ఏమీ లేదు. బాబు బట్టలకు లేదు. మీ చెప్పు తెగితే కొత్త జత కొనడానికి లేదు. అసలు లోటు ఇంకా ఎక్కువే ఉంటుంది. నిద్ర ఎలా పడుతుంది?

మీరు అడిగిన రెండిటికీ ముందే చెప్పేస్తాను. ఉద్యోగం మానకండి. ఫోన్ లోను జోలికి పోకండి. మూడోది మీరు అడగలేదు, అడగడానికి భయపడ్డారని నాకనిపించింది. సెషన్లు తగ్గించవచ్చా అని. తగ్గించండి. తగ్గించాలనే అంటాను. ఎందుకంటున్నానో చెప్పాలంటే మా అక్క సంగతి కొంత చెప్పాలి.

మా అక్క కొడుక్కి ఇప్పుడు ఇరవై ఏడేళ్లు. వాడికి మూడేళ్లప్పుడు బావగారు పోయారు. మరుసటేడు వాడి సంగతి బయటపడింది. అప్పట్లో మా వైపు ఆటిజం అన్న మాటే ఎవరి నోటా వినలేదు, కాగితం మీద 'బుద్ధిమాంద్యం' అని రాసిచ్చేవారు. ఏ ఊళ్లో ఎవరు మంచి వైద్యం చేస్తారంటే అక్కడికల్లా వాణ్ణి చంకనేసుకుని వెళ్లింది అక్క. రెండేళ్లలో గాజులు, గొలుసు, ఊళ్లో ఉన్న అరెకరం అయిపోయాయి. వాడికి పన్నెండో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఫిట్స్ మామూలు పిల్లల కంటే ఎక్కువ, కొందరికి ఆ ఎదిగే వయసులోనే వస్తాయి. ఆ రాత్రి ఆసుపత్రిలో కట్టడానికి అక్క దగ్గర ఏడు వందలున్నాయి. నేను వెళ్లేసరికి క్యాష్ కౌంటర్ ఎదురుగా బల్ల మీద, చెవి కమ్మలు విప్పి గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. కౌంటర్లో ఉన్న అబ్బాయిని అడగాలా వద్దా అన్నట్టు చూస్తోంది.

మొదటి రెండేళ్లలో పెట్టిందంతా వృథా అని అక్క ఇప్పటికీ అనదు, నేనూ అనను. కొన్ని పనికొచ్చాయి. కానీ ఏడాది బియ్యం ఒక్క నెలలో వండేసినట్టయింది. మీరిప్పుడు వండుతున్నది కూడా అలాగే ఉంది. మీ బాబుకి ఏడేళ్లు. పదిహేనో ఏట ఒక అవసరం, ఇరవయ్యో ఏట ఇంకొకటి వస్తాయి. అప్పటికి మీరు నిలబడి ఉండాలి, మీ చేతిలో కొంచెం డబ్బుండాలి.

'తొమ్మిది దాటితే ఇక రాదు' అన్న మాట ఒకటి మీ గుండెల మీద కూర్చుంది. చిన్న వయసులో మొదలుపెడితే మేలు ఎక్కువన్నది నిజమే. ఫలానా పుట్టినరోజు దాటగానే తలుపు మూసేస్తారన్నది మాత్రం ఫీజు వసూలు చేసేవాళ్ల మాట. మావాడు 'నీళ్లు' అని పూర్తిగా అన్నది పదకొండో ఏట. చొక్కా గుండీలు తనంతట తను పెట్టుకున్నది పధ్నాలుగో ఏట.

ఆ 'నీళ్లు' ఎలా వచ్చాయో వినండి. అప్పటిదాకా వెళ్లిన చోటల్లా అక్కని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్లి, ముప్పావుగంట తర్వాత తెచ్చి అప్పజెప్పేవారు. లోపల ఏం చేశారో తెలియదు. ఒక చోట మాత్రం కొత్తగా చేరిన చిన్నమ్మాయి, స్పీచ్ థెరపిస్టు, అక్కని గదిలోకి పిలిచింది. కాసేపు చూసి, 'ఆంటీ, వీడు అడిగేలోపే మీరు అన్నీ ఇచ్చేస్తున్నారు' అంది. ఆ రోజు ఇంటికొచ్చి అక్క వాడి స్టీలు గ్లాసు ఫ్రిజ్ మీద పెట్టింది, కనబడేలా, అందకుండా. దాహమేస్తే వాడు అక్క చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాగేవాడు. ఆమె గ్లాసు తీసి తన మొహం పక్కన పట్టుకుని 'నీళ్లు' అని ఆగేది. వాడి గొంతులోంచి ఏ చప్పుడొచ్చినా గ్లాసు ఇచ్చేసేది. మొదట్లో అంతా ఏడుపే. నెల దాటాక 'ఈ' అన్నాడు. ఆ 'ఈ'కి ఇంట్లో పాయసం కాచుకున్నాం. 'ఈ' కాస్తా 'నీ' అవడానికి ఏడాది, 'నీళ్లు' అవడానికి ఇంకో రెండేళ్లు. రోజుకి పదిసార్లు నీళ్లు తాగే పిల్లాడికి అవి రోజుకి పది సెషన్లు, ఖర్చు ఒక స్టీలు గ్లాసు. మీ బాబు కూడా చెయ్యి పట్టుకుని లాగుతాడని రాశారు కదా, చదవగానే నాకు ఆ ఫ్రిజ్జే గుర్తొచ్చింది.

అందుకని మీరు సెంటర్‌కి వెళ్లి ఇలా అడగండి. ఈ 20 సెషన్లలో స్పీచ్ ఎన్ని, ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు నేర్పేవి ఎన్ని, స్పెషల్ ఎడ్యుకేటర్‌తో ఎన్ని? వచ్చే మూడు నెలల్లో మావాడు నేర్చుకోవాల్సినవి ఏమిటి, కాగితం మీద రాసివ్వండి. వారానికి రెండే వస్తాం, మా అమ్మ లోపల కూర్చుంటుంది, ఇంట్లో ఏం చేయాలో ఆమెకి చూపించండి. సరేనంటే మంచిది. తల్లిని, అమ్మమ్మని లోపలికి రానివ్వని చోట పిల్లాణ్ణి ఎందుకు వదలాలో నాకు ఈనాటికీ అర్థం కాదు, కాదంటే సెంటర్ మార్చండి. చికిత్స చేసేవాళ్లకి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి, ఆర్‌సీఐ నంబరంటే వాళ్లకి తెలుస్తుంది. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ల దగ్గర ఆ నంబరు ఉండకపోవచ్చు.

వారానికి రెండంటే నెలకు 8 సెషన్లు, 5,600. ఆటో రోజుకి రానుపోను 150 పడుతోంది, అది 1,200కి దిగుతుంది. ఈ రెండిట్లో మిగిలేది 10,200. మీ లోటు 9,700. అంటే ఇంకెవరి సాయం లేకుండానే మీరు 500 మిగులులోకి వస్తారు. ఈ లెక్క నేను మూడుసార్లు సరిచూశాను.

నేను డాక్టర్ని కాను, ఏవి ఉంచాలో ఏవి తగ్గించాలో తెలిసినవాళ్లని అడిగి చేయండి. దానికి సికింద్రాబాద్‌లో, బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, పాత పేరు ఎన్‌ఐఎంహెచ్, ఇప్పటికీ చాలామంది ఆ పేరే వాడతారు. దేశం నలుమూలల నుంచీ అక్కడికి పిల్లల్ని తెస్తారు, ఉప్పల్లో ఉన్న మీరు వెళ్లలేదంటే మీకెవరూ చెప్పలేదన్నమాట. ప్రైవేటుతో పోలిస్తే ఫీజులు చాలా తక్కువ. బాబు ఎక్కడున్నాడో పరీక్షించి చూస్తారు, ఇంట్లో చేయించాల్సినవి తల్లిదండ్రులకు నేర్పిస్తారు. మీ వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే బయల్దేరండి, రోజంతా పడుతుందని ముందే అనుకోండి. బస్సులో మీకూ అమ్మకూ జీరో టికెట్, బాబుకి హాఫ్ టికెట్. రద్దీలో బాబు చెవులు మూసుకుని అరుస్తాడేమో, ఆఫీసు వేళలు తప్పించి ఎక్కండి. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకెళ్లండి.

ఇక కాగితాల సంగతి. మీ ఉత్తరం మొత్తంలో వైకల్య సర్టిఫికెట్ అన్న మాటే లేదు. తీసుకోలేదనే అనుకుంటున్నాను. చాలామంది తల్లులు తీసుకోరు. 'వాడి మీద ముద్ర పడిపోతుంది, రేపు మాటలొస్తే?' అంటారు. మాటలొస్తే అంతకన్నా ఏం కావాలి, అప్పుడు ఆ కాగితాన్ని పెట్టెలో పడేద్దాం. మా అక్క రోజుల్లో ఆటిజానికి సర్టిఫికెట్టే లేదు. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం ఆ జాబితాలో లేదు. 2016 చట్టం ఆ ఏడింటినీ 21 చేసింది, అందులో ఆటిజాన్ని చేర్చింది. మావాడికి కార్డు వచ్చింది ఆ చట్టం వచ్చాకే, మీసాలొచ్చిన వయసులో. మీ వాడికి ఏడేళ్లకే దొరికే వీలుంది, వదులుకోకండి.

దాన్ని యూడీఐడీ కార్డు అంటారు. స్వావలంబన్ పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి, చేతకాకపోతే మీసేవలో అడగండి. ఆంధ్రలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు సచివాలయంలో అడగండి. ఇచ్చిన తేదీన ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్లు చూసి శాతం వేస్తారు. 40 శాతం, ఆ పైన ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి.

ఇక్కడ మీకు గట్టిగా చెప్పాల్సినది ఒకటుంది. ఆటిజం శాతం వేయడానికి 'ఇసా' అనే కొలత వాడతారు. అందులో 40 అంశాలుంటాయి, బాబు ఆ పని ఎంత తరచుగా చేస్తాడన్నదాన్ని బట్టి ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. బాబుని గమనిస్తారు, తల్లిని అడుగుతారు. తల్లి అక్కడే పొరపాటు చేస్తుంది. 'పిలిస్తే పలుకుతాడా?' అంటే, 'పలుకుతాడండీ' అంటుంది. నెలకోసారి పలికినా పలుకుతాడనే అంటుంది, పదిమందిలో బిడ్డని తక్కువ చేసి చెప్పడానికి నోరు రాదు. మా అక్క అలాగే అంది. పక్కన కూర్చున్న నేను మోచేత్తో పొడిచాను. ఉన్నది దాచకండి, లేనిది కలపకండి. వాడు బాగున్న రోజు కాదు, వాడి మామూలు రోజు ఎలా ఉంటుందో చెప్పండి. పదిసార్లు పిలిస్తే ఒకసారి తిరిగి చూస్తాడు, మాల్‌లో కింద పడి దొర్లాడు, రాత్రి రెండింటికి లేచి ట్యూబ్‌లైట్ వేస్తూ ఆర్పుతూ ఉంటాడు, ఇలా. ముందు రెండు వారాలు ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు తీసుకోండి. క్యాంపు రోజునే వాడు బుద్ధిమంతుడిలా కూర్చుంటాడు, అదేం శాపమో!

కార్డు వచ్చాక పింఛనుకి పెట్టండి. దివ్యాంగుల పింఛనుకి వయసు అడ్డు లేదు, ఏడేళ్ల పిల్లాడికీ ఇస్తారు. తెలంగాణలో ఆసరా కింద, ఇప్పుడు చేయూత అంటున్నారు, 2023 జులైలో దీన్ని 4,016 చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000 ఇస్తున్నారు. కొత్త పింఛన్లు ఎప్పుడు మంజూరవుతాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఆ 4,016 చేతికి రాకముందే ఖర్చు రాసుకోకండి. దరఖాస్తు రసీదు దాచుకుని, ఆలస్యమైతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి.

బీమా ఒకటుంది, 'నిరామయ'. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారి కోసం పెట్టింది. ఏడాదికి లక్ష రూపాయల దాకా. మామూలు బీమా కంపెనీల్లా 'ముందే ఉన్న జబ్బు' అని తిప్పి పంపరు, ముందస్తు పరీక్షలు లేవు. ఆసుపత్రిలో చేరితేనే అని కాకుండా ఓపీకి, థెరపీకి కూడా ఒక పరిమితి మేరకు ఇస్తారు. చేరడానికి దారిద్ర్యరేఖ దిగువనున్నవాళ్లకి 250, మిగతావాళ్లకి 500 రూపాయలు. నేషనల్ ట్రస్ట్‌లో నమోదైన సంస్థలు ఈ పని చేసిపెడతాయి, ఎన్‌ఐఈపీఐడీకి వెళ్లిన రోజే దగ్గర్లో ఎవరున్నారో అడిగేయండి. మీరు ముందు ఖర్చు పెట్టి బిల్లు పెట్టాలి. కాబట్టి ఇవాళ్టి నుంచి సెంటర్‌లో పక్కా బిల్లు తీసుకోండి. చిత్తు కాగితం మీద 'పెయిడ్' అని గీసిస్తే ఎక్కడా చెల్లదు.

మీ పే స్లిప్ తీసి చూడండి, ఈఎస్ఐ కింద 139 రూపాయలు పోతోందా? 18,500 మీద 0.75 శాతం అంతే అవుతుంది. 21,000 లోపు జీతగాళ్లకు ఆ చట్టం వర్తిస్తుంది. పోతుంటే బాబుకీ మీమీద ఆధారపడ్డ అమ్మకీ ఈఎస్ఐ డిస్పెన్సరీలో, ఆసుపత్రిలో వైద్యం ఉచితం. కార్డులో వాళ్ల పేర్లు ఎక్కించారా లేదా అని హెచ్ఆర్‌ని అడగండి. చాలామంది ఎక్కించరు, జ్వరమొచ్చిన ప్రతిసారీ ప్రైవేటు క్లినిక్కులో ఐదొందలు పెట్టి వస్తారు. ఉద్యోగం మానవద్దనడానికి ఇదొక కారణం. ఇంకో కారణం పీఎఫ్. అందులోని పింఛను పథకంలో, చందాదారు పోతే పిల్లలకి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా పింఛను వస్తుంది. శాశ్వతంగా, పూర్తి వైకల్యం ఉన్న బిడ్డకైతే బతికున్నంతకాలం. మీరు నెలల తరబడి భయపడుతున్న ప్రశ్న 'నా తర్వాత వీడికి ఎవరు' కదా. దానికి పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేదు, ఇది చిన్న ముక్క మాత్రమే. పనిలో పనిగా పీఎఫ్‌లోనూ బ్యాంకులోనూ నామినీ ఎవరో చూడండి. పెళ్లయిన కొత్తలో రాసిన భర్త పేరే ఇంకా ఉంటుంది. మా బ్రాంచిలో అలాంటివి ఎన్ని చూశానో.

చదువు సంగతి. ఏ ప్రైవేటు స్కూలు గుమ్మం ముందూ చేతులు కట్టుకుని నిలబడకండి. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్న పిల్లలకి ఆరేళ్ల నుంచి పద్దెనిమిది దాకా దగ్గర్లోని బడిలోనో, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో ఉచిత విద్య హక్కు. రెండు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ఐఈఆర్పీలని, ప్రత్యేక అవసరాల పిల్లలకి చెప్పే టీచర్లుంటారు, ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు. ఒక కేంద్రం బాగుంటుంది, ఇంకొకటి తాళం వేసి ఉంటుంది, అది అక్కడి టీచరమ్మని బట్టి. వెళ్లి చూస్తే పోయేదేముంది? మీ ఎంఈఓ ఆఫీసులో ఎక్కడుందో చెబుతారు.

ఇప్పుడు మీరు ఒక్క ముక్కలో దాటేసిన చోటికి వస్తాను. 'డబ్బు పంపరు, నేనూ అడగలేదు.' అమ్మా, ఆత్మాభిమానం మీది. ఆకలి వాడిది. భర్త డబ్బు మీకు అక్కర్లేకపోతే మీ వాటా మీరు వదులుకోండి, ఎవరూ కాదనరు. బాబు వాటా వదులుకునే హక్కు మీకెక్కడిది? కొంచెం కటువుగా ఉంది, తెలుసు. మా అక్కకి ఆ దారి లేదు, బావగారు పోయారు. మీవారు నిజామాబాద్‌లో ఉన్నారు.

పాత సీఆర్‌పీసీ 125 ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద భార్యా పిల్లలు మనోవర్తి అడగవచ్చు. విడాకులు కానక్కర్లేదు. నిజామాబాద్ తిరగనక్కర్లేదు, మీరుండే చోటే వేయొచ్చు. మామూలు పిల్లలకి మైనారిటీ తీరితే ఆగిపోతుంది. శారీరక, మానసిక వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకి పద్దెనిమిది దాటాక కూడా తండ్రి ఇవ్వాల్సిందే. కేసు తేలేలోపు మధ్యంతర భరణం అడగొచ్చు, నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు దాన్ని తేల్చాలని చట్టం. 'నాకేం రాబడి లేదు' అని తప్పించుకోవడం మునుపటంత తేలిక కాదు. ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని, భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కించాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో చెప్పింది. అందుకే ఎంత ఆలస్యం చేస్తే అంత పోగొట్టుకుంటారు. నిరుటి నెలలు తిరిగి రావు.

లాయరు ఖర్చుకి భయపడొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోనులో అయితే 15100. థెరపీ బిల్లులు, సర్టిఫికెట్, మీ నెల లెక్క పట్టుకెళ్లండి. నాకు రాసిన ఆ లెక్కే జడ్జిగారికీ కావాలి. ముందు మధ్యవర్తిత్వానికి పిలుస్తారు, రాజీ కుదిరితే కుదురుతుంది. ఆయన తిరిగొస్తాడని కానీ, మారతాడని కానీ నేననడం లేదు. నెలకింత అని మీ ఖాతాలో పడాలి, అంతే.

బంగారం విషయం. నెలకు 1,200 అంటే, రూపాయిన్నర వడ్డీ అనుకుంటే 80,000 అప్పు. బ్యాంకులో బంగారం మీద రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. ఎనభై పైసలనుకున్నా 640 అవుతుంది. కొన్ని బ్యాంకులు ఫైనాన్స్ నుంచి విడిపించి తమ దగ్గరికి మార్చుకుంటాయి, రెండు మూడు బ్రాంచీలు తిరిగి అడగండి. మిగిలే ఆ ఐదారొందలతో ముందు తోటి అమ్మాయిల చేబదుళ్లు తీర్చేయండి. అన్నయ్య ఆగుతాడు, సంఘానికి వాయిదా ఉంటుంది. రోజూ పక్కన కూర్చునే మనిషికి బాకీ ఉంటే ఆ ఉద్యోగానికి వెళ్లబుద్ధి కాదు.

ఫోన్ లోను గురించి ఒక్క మాట. వాళ్లలో కొందరు మీ కాంటాక్టు నంబర్లన్నీ తీసుకుంటారు, ఒక్క వాయిదా తప్పితే మీ మేనేజరుకి ఫోను పోతుంది. ఇప్పటికే యాప్ ఉంటే తీసేయండి.

స్టెమ్ సెల్స్ గురించి మీ పిన్ని కూతురికి ఇది చదివి వినిపించండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫార్సు చేయడం లేదని, అది చేయడం వృత్తి నియమాలకు విరుద్ధమని నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డు 2022లోనే చెప్పింది. 'నయం చేస్తాం' అని గ్యారంటీ ఇచ్చేవాడు ఎవరైనా సరే, లేచి వచ్చేయండి. మా అక్క అరెకరం పోయింది ఇలాంటి గ్యారంటీకే. అప్పుడు స్టెమ్ సెల్స్ లేవు, ఇంకేదో పొడి ఉండేది.

హాస్టలు గురించి అన్నయ్యతో పోట్లాడకండి. చెల్లెలు నలిగిపోతుంటే చూడలేక అన్న మాట అది. కానీ మాటలు రాని ఏడేళ్ల పిల్లాడు అక్కడ ఏం జరిగిందో ఇంటికొచ్చి చెప్పలేడు. నాకు అదొక్కటే అభ్యంతరం, అది చాలదా? అంత సాయం చేయాలనుంటే నెలలో రెండు ఆదివారాలు బాబుని పార్కుకి తీసుకెళ్లమనండి. ఆ రెండు పూటలూ మీరు ఫాల్స్ కుట్టకుండా పడుకోండి.

మావాడు ఇప్పుడు అక్క కర్రీ పాయింటులో కూర్చుంటాడు. గిరాకీలతో మాట్లాడడు. చట్నీ ప్యాకెట్లకు రబ్బరు బ్యాండు వేస్తాడు, మూడు చుట్లు, ఎప్పుడూ మూడే. వాడు కట్టినది ఇంతవరకు ఒక్కటీ కారలేదు. కొన్ని రోజులు మాత్రం ఏ కారణమో తెలియదు, షట్టరు చప్పుడికి చెవులు మూసుకుని లోపలికెళ్లి సాయంత్రం దాకా బయటికి రాడు. ఆ రోజుల్లో అక్క తనే కడుతుంది.

మీసేవకి వెళ్లేముందు బాబు ఫొటో కావాలి. స్టూడియోకి తీసుకెళ్లకండి, ఫ్లాష్‌కి బెదిరిపోతే ఆ వీధిలోకే మళ్లీ రాడు. ఇంట్లో తెల్ల గోడ ముందు నిలబెట్టి, మీ వెనక నుంచి అమ్మని వాడికి ఇష్టమైన వస్తువేదైనా ఊపమనండి. అటు చూసిన ఆ ఒక్క క్షణంలో ఫోనుతో తీసేయండి. మావాడి కార్డు మీద ఫొటో మేం అలాగే తీశాం. మీసాలున్న కుర్రాడు, కెమెరా పక్కన అక్క పట్టుకున్న స్టీలు గ్లాసు వైపు చూస్తూ.